దెగూతే కార్డు

క్రియల మాస్టారంటే ఆ ఊళ్లో చదువుకున్నవాళ్లెవరికీ కొత్త కాదు. ముప్ఫై నాలుగేళ్లు కాలేజీలో ఫ్రెంచి చెప్పి రిటైరైన మనిషి. కట్టుకున్న భార్య పుట్టినరోజు ఎప్పుడని అడిగితే తడుముకుంటాడు గానీ, ఫలానా ఫ్రెంచి క్రియ ఏ కాలంలో పుట్టింది, ఏ అర్థంతో పెరిగింది, ఎన్ని రూపాలు మారింది అని అడిగితే నిద్రలో లేపినా చెబుతాడు. ఆయన రాసిన క్రియల పుస్తకం విద్యార్థుల చేతుల్లో నలిగి అట్టలూడిపోయేది. ఇప్పుడు దాన్నే రెండింతలు పెంచి మళ్లీ రాస్తున్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు. పల్లకీల సంగతి ఊరందరికీ తెలిసిందే, ఈగల సంగతి మాత్రం ఆయన కూతురికి ఒక మధ్యాహ్నం పూట తెలిసింది.

పుస్తకం పని ఎలా జరిగేదో ముందు చెప్పుకోవాలి. క్రియకొక పేజీ. పేజీకి ముందు దానికొక అట్టముక్క, అరచేతి కన్నా కాస్త పెద్దది. దాన్ని ఆ ఇంట్లో కార్డు అనేవాళ్లు. కార్డు మీద ఆరు గడులు గీసి ఉంటాయి. నేను, నువ్వు, అతడు లేదా అది, మేము, మీరు, వాళ్లు. గడికొక క్రియారూపం, దాని పక్కన ఒక ఉదాహరణ వాక్యం. అడుగున అర్థం, ఆ మాట పుట్టుక. ఇదంతా మాస్టారు ఆకుపచ్చ సిరాతో ఫ్రెంచిలో రాస్తాడు. వాక్యాల కింద తెలుగు రాసేది కూతురు. చిన్నప్పుడే తండ్రి దగ్గర ఫ్రెంచి నేర్చుకుంది. పొద్దున ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో ఉత్తరాలు తర్జుమా చేసి, మధ్యాహ్నం రెండు వీధుల అవతలున్న పుట్టింటికి వచ్చి కార్డుల ముందు కూర్చుంటుంది. "నీకు మీ నాన్న క్రియల మీద ఉన్న శ్రద్ధ మొగుడి మీద లేదు" అని వాళ్లాయన దెప్పుతుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు.

తెలుగు రాయడంతో పని అయిపోదు. ప్రతి వాక్యాన్నీ తల్లికి చదివి వినిపించాలి. ఆవిడ చదివింది పదో తరగతి. నోట్లో నాలుక లేని మనిషని చుట్టాల్లో పేరు. కానీ తెలుగు వాక్యం దగ్గర మాత్రం ఆవిడతో పెట్టుకుని గెలిచినవాళ్లు లేరు. బఠానీలు ఒలుస్తూనో, దిండు గలీబుకి బొందు కుట్టుకుంటూనో వింటుంది. నచ్చకపోతే తలెత్తకుండా, "ఇలా ఎవరంటారే?" అంటుంది. అంతే, ఆ వాక్యం పోయినట్టే. ఆవిడ చెవి దాటనిదే ఏ కార్డూ పబ్లిషరు దగ్గరికి వెళ్లదు. ఈ ఏర్పాటు చేసింది మాస్టారే. ముందుమాటలో లైబ్రరీ గుమాస్తాకి కూడా కృతజ్ఞతలు చెప్పుకున్నాడు గానీ, ఈ చెవి ప్రస్తావన అందులో లేదు.

మాస్టారికి ఇంకో నియమం ఉంది. "పుస్తకంలోంచి పుస్తకంలోకి ఎత్తిపోసుకున్న వాక్యం చచ్చిన చేప. వాక్యం ఇంట్లోంచి రావాలి, నిజంగా జరిగుండాలి" అనేవాడు. అందుకే పాత పుస్తకం నిండా ఆ ఇంటి సంగతులే. గురకపెట్టడం అన్న క్రియ కింద మేనత్త గురక పెడుతుంది. తిరిగివ్వడం కింద మేనమామ గొడుగు తిరిగివ్వడు. ఆ పేజీ ఎవరో అర్థం చెబితే విని మేనమామ రెండేళ్లు గుమ్మం తొక్కలేదు, గొడుగు మాత్రం అప్పుడు కూడా ఇవ్వలేదు. పోగొట్టుకోవడం కింద చెప్పులు పోగొట్టుకున్న పిల్ల కూతురే. స్కూల్లో ఆ పేజీ తెరిచి, "ఈ అమ్మాయిని నేనే" అని గొప్పగా చూపించుకునేది.

ఆ రోజు బల్ల మీద 'ద' వరస కార్డులున్నాయి. సాయంత్రం అయిదింటికి పబ్లిషరు మనిషి వచ్చి వాటిని పట్టుకుపోతాడు. నిర్ణయించుకోవడం అయింది, కాపాడడం అయింది. తర్వాతది దెగూతే. అసహ్యం కలిగించడం.

కూతురు ముందు పట్టిక చూసింది. జ దెగూత్, త్యు దెగూత్, ఇల్ దెగూత్. రాతలో తేడా ఉన్నా పలికితే అన్నీ ఒకటే. మేము అనే ను దగ్గరా, మీరు అనే వు దగ్గరా మాత్రం తోక మారుతుంది. ఏ తప్పూ లేదు. తర్వాత వాక్యాల్లోకి దిగింది. రెండో గడి దగ్గర ఆగింది. మళ్లీ మొదటినించి చదివింది. చదివింది ఒక్క ముక్క కూడా తప్పుగా అర్థం కాలేదని తెలిశాక కార్డు బోర్లా పెట్టి, చీర కుచ్చెళ్లకి చెయ్యి తుడుచుకుంది.

రెండేళ్ల కిందట తల్లికి పేగు ఆపరేషనైంది. కోసిన పేగు మానేదాకా కడుపు పక్కన చిల్లు పెట్టి, దానికొక సంచి తగిలించారు. లోపలికి పోయిందంతా ఆ సంచిలోకి వచ్చేది. ఏడు నెలలు. ఆ ఏడు నెలలూ సంచి విప్పిందీ, కడిగిందీ, చుట్టూ ఒరుసుకుపోయిన చర్మానికి మందు రాసిందీ కూతురు. పొద్దున పూట ఒక ఆయా వచ్చేది. మాస్టారు ముందుగదిలోకి మంచం మార్పించుకున్నాడు. నాలుగు రోజులు ఇంట్లో తిని చూసి, ఆ తర్వాత భోజనం కాలేజీ క్యాంటీన్లో చేసేవాడు. భార్య ఉన్న గది గడప ఏడు నెలల్లో మూడుసార్లు తొక్కాడు, మూడుసార్లూ డాక్టరు పక్కనుండగానే. "ఆయన సున్నితం" అన్నారు చుట్టాలు. "అంత కష్టంలోనూ రాత ఆపలేదు చూడు" అని మెచ్చుకున్నారు స్నేహితులు. కూతురి మొగుడు ఒకసారి నోరు జారి ఏదో అనబోతే, ఆమె నెల రోజులు అతనితో సరిగ్గా మాట్లాడలేదు. నాన్న చూడలేక తప్పుకున్నాడు, ప్రేమ ఎక్కువైతే కొందరంతే అని తనకి తాను చెప్పుకుంది, నమ్మింది కూడా.

ఇప్పుడు ఆ ఏడు నెలలూ ఆకుపచ్చ సిరాతో, ఆరు గడుల్లో, ముత్యాల్లాంటి అక్షరాలతో బల్ల మీదున్నాయి.

నువ్వు అన్న గడిలో: మందుల వాసనతో నువ్వు నాకు అసహ్యం కలిగిస్తున్నావు. అది అన్న గడిలో: ఆ సంచి నాకు అసహ్యం కలిగిస్తుంది. మేము దగ్గర, మనం చూడవచ్చినవాళ్లకి అసహ్యం కలిగిస్తున్నాం. మీరు దగ్గర: అవే చేతులతో నాకు వడ్డించి మీరిద్దరూ అసహ్యం కలిగిస్తున్నారు. ఆ ఇద్దరూ ఎవరో కూతురికి ఒకరు చెప్పక్కర్లేదు. ఒకరు ఆయా, ఒకరు తను. వాళ్లు దగ్గర పక్కదుప్పట్లు. ఇక అన్నిటికీ పైన, నేను అన్న గడిలో: నేను నా భర్తకు అసహ్యం కలిగిస్తాను.

కార్డు చింపేస్తే సరిపోతుందనుకుంది. కానీ ఆయన దగ్గర ప్రతి కార్డుకీ నకలుంటుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకుందామా అనుకుంది. కానీ ఊరుకున్నా దీన్ని తల్లికి చదివి వినిపించాల్సింది తనే. లేచి ముందుగదిలోకి వెళ్లింది.

మాస్టారు టీ తాగుతున్నాడు. బిస్కెట్టు టీలో ముంచి, తడిసి వంగిపోతున్న ముక్కను కింద నుంచి నోటితో అందుకుంటున్నాడు.

"నాన్నా, ఈ కార్డు."

"ఏదీ? దెగూతేనా. బాగా కుదిరింది. గూ మీద చిన్న గొడుగులాంటి గుర్తుంది చూడు. అక్కడ ఒకప్పుడు స ఉండేది. పలకడం మానేశారు, గుర్తు మిగిలింది. చచ్చిన అక్షరానికి సమాధి అన్నమాట. పిల్లలకి ఇలా చెప్తే మర్చిపోరు."

"అమ్మ గురించి రాశారు."

"ఇంటి గురించి రాశాను. ఎప్పుడూ అంతేగా."

"ఇది అమ్మ వింటుంది నాన్నా. నేనే చదవాలి."

"చదువు. తెలుగు ఎక్కడైనా ఎబ్బెట్టుగా ఉంటే చెప్తుంది."

కూతురు కాసేపు ఆయన ముఖంలో దేనికోసమో వెతికింది. తేలు కుట్టిన దొంగలా ఉన్నా బాగుండేదనుకుంది. కింది పెదవి మీద తడి బిస్కెట్టు పొడి తప్ప అక్కడేమీ లేదు.

"మీకేం అనిపించలేదా ఇది రాసేటప్పుడు?"

"అనిపించిందే రాశానమ్మా, లేంది రాయలేదు. అప్పుడు నాకు నిజంగానే తిండి సహించేది కాదు. అసలా మాట పుట్టుకే అది. గూ అంటే రుచి. లాటిన్లోంచి వచ్చింది. దె అని ముందు తగిలిస్తే రుచి ఊడగొట్టడం. మొదట్లో మనుషుల్ని అనేవాళ్లు కాదు. తిండి మీద మనసు పోవడం, అంతే. మనుషుల మీదికి తర్వాత పాకింది." ఆయన ఇంకో బిస్కెట్టు తీశాడు. "చిత్రమేంటంటే నాకూ అదే వరసలో వచ్చింది. ముందు ముద్ద దిగేది కాదు. ఆ తర్వాత ఆవిడ దగ్గితే కూడా ఒళ్లు జలదరించేది. మాట నడిచిన దారిలోనే మనిషీ నడిచాడు. ఇది పుట్టుక కింద ఒక వాక్యం చేర్చొచ్చు."

చేర్చుకున్నాడు కూడా. కప్పు పక్కన పెట్టి, నకలు మీద, అక్కడికక్కడే. ఏడు నెలలు సంచి కడిగినప్పుడు ఒక్కరోజు కూడా తిప్పని కూతురి కడుపు, ఆ తడి పెదవీ ఆ సంతోషమూ చూసేసరికి తిప్పింది. కన్నతండ్రిని చూస్తే వాంతి రావడం ఏమిటని భయం కూడా వేసింది. కార్డు తీసుకుని బయటికొచ్చేసింది.

తల్లి వెనకవైపు కిటికీ దగ్గర చాప మీద కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. జబ్బు తగ్గాక మనిషి సగమైంది. ఒంటి మీద రవిక వదులై భుజం మీద నుంచి జారుతుంటే ఎగదోసుకుంటూ ఉంటుంది.

"ఇవాళ ఏ మాటే?"

"అసహ్యం కలిగించడం."

"చదువు."

దారిలో వస్తూ కూతురు మనసులో వేరే వాక్యాలు అల్లుకుంది. గొంతు సవరించుకుని చదివింది. "కాలవ కంపు నాకు అసహ్యం కలిగిస్తోంది."

"ఏ కాలవ?"

"ఏదో కాలవమ్మా."

"మన వీధిలో కాలవెక్కడుందే?" అని తల్లి ఇంకో కాయ చిదిమింది. "ఊఁ, రెండోది."

"నువ్వు నూనె కారే జుట్టుతో నాకు అసహ్యం కలిగిస్తున్నావు."

తల్లి తలెత్తింది. అలా ఎత్తడం అరుదు. "ఇవి ఆయన వాక్యాలు కావు. ఆయనకి లేంది రాయడం చేతకాదు. కార్డు మీద ఉన్నది చదువు తల్లీ."

"అమ్మా, వద్దు."

"నా గురించేనా?"

కూతురు కార్డుని ఒళ్లోకి లాక్కుంది.

"గోడ అవతల కూర్చుని పైకి చదువుకుంటూ రాస్తారు కదే ఆయన. ఏడు నెలలు ఆ గోడ ఇవతలే పడుకున్నాను. నాకు ఫ్రెంచి రాదు, నిజమే. ఇన్నేళ్లు విన్నాక, ఏ మాట ముక్కు మూసుకుని అంటున్నారో కూడా తెలీదా? చదువు, ఏమీ అవదు."

చదివింది. పై గడి వదిలేసి రెండోదాన్నించి మొదలుపెట్టింది. తల్లి ఎప్పటిలాగే వింది. "'అసహ్యం కలిగిస్తున్నావు' అని ఏ మొగుడంటాడే? 'నీ దగ్గర మందుల కంపు, రోత పుడుతోంది' అంటాడు. అలా రాయి." కూతురు రాసింది. సంచి వాక్యం దగ్గర, "రోతే ఉంచు, బాగుంటుంది" అంది. చూడవచ్చినవాళ్ల వాక్యం మార్చక్కర్లేదంది. మీరిద్దరూ అన్నది విన్నప్పుడు మాత్రం చేతిలో కాయ పక్కన పెట్టి, కూతురి చెయ్యి తీసుకుని, అరచెయ్యి తిప్పి ఒకసారి చూసి వదిలేసింది. దాని తెలుగు సంగతి ఏమీ చెప్పలేదు.

"ఇంకోటుందిగా. నేను అన్నది."

కూతురు చదివింది. "నేను నా భర్తకు రోత పుట్టిస్తాను."

"ఇది ఎవరన్నట్టు?"

"నువ్వన్నట్టు."

"నేనెప్పుడన్నాను?"

తల్లి ఒళ్లోని తొక్కలు దులుపుకుంది. ఆవిడ గొంతు పెద్దదవలేదు గానీ, కూతురు ముప్ఫై అయిదేళ్లలో ఆ గొంతు ఎప్పుడూ వినలేదు.

"మిగతావన్నీ ఆయన మాటలు. ఆయనకి రోత పుట్టింది, రాసుకున్నారు. నిజమే కదా, ఉంచుకోమను, ఊరంతా చదువుకోనీ. ఇది నా నోట్లో పెట్టారు. అన్ని నెలలు మంచాన ఉన్నాను. లేచి మొహం కడుక్కోలేకపోయాను. కానీ నన్ను నేను ఒక్కపూట కూడా అలా అనుకోలేదే. నువ్వు సంచి కడుగుతూ ఆఫీసు కబుర్లు చెప్పి నవ్వించేదానివి. ఎందుకనుకుంటాను? అది నా ఒళ్లు, మానుతోంది, అంతే అనుకున్నాను. నేనన్నట్టు అచ్చులో పడితే రేపు నేనన్నట్టే అవుతుంది. దాన్ని తీసెయ్యమని చెప్పు."

"నువ్వే చెప్పమ్మా."

"నాకు ఆ గదిలోకి వెళ్లాలనిపించడం లేదు" అంది తల్లి.

కూతురు మళ్లీ ముందుగదిలోకి నడిచింది. ఈసారి కూర్చుంది. "నాన్నా, మొదటి గడిలో మాట అమ్మ ఎప్పుడూ అనలేదట. జరగనిది పుస్తకంలోకి రాకూడదన్నది మీ నియమమే."

ఆ దెబ్బ మాత్రం తగిలింది. మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. భార్యని రోత అన్నందుకు రాని సిగ్గు, ఉదాహరణ కల్పించి దొరికిపోయినందుకు వచ్చింది. "అవును, అనలేదు. కల్పించాను. అలా చెయ్యకూడదు" అన్నాడు. "మరేం చెయ్యను? గడి ఖాళీగా వదల్లేను కదా. నేను అన్న చోట నన్నే పెట్టి రాద్దామని చాలాసేపు కూర్చున్నాను. నేనెవరికి అసహ్యం కలిగిస్తాను? ఎంత ఆలోచించినా ఒక్కళ్లూ తట్టలేదమ్మా."

ఆ మాట నిజాయితీగానే అన్నాడు. అంతకన్నా రోత పుట్టించే మాట ఆ కార్డు మొత్తం మీద లేదనిపించింది కూతురికి.

"నేను చెప్తాను, రాయండి."

ఆయన వెంటనే కొత్త కార్డు ముందుకు లాక్కుని కలం మూత తీశాడు. కూతురు తెలుగులో చెప్పింది. ఒక్కొక్క మాటా విడదీసి, చిన్న క్లాసు పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. "నేను మా అమ్మాయికి రోత పుట్టిస్తున్నాను."

చెంపదెబ్బ పడుతుందనుకుంది. పడితే బాగుండునని కూడా ఉంది. కలం ఆగలేదు. జ దెగూత్ అని రాసి, గొడుగు గుర్తు పెట్టి, మా అమ్మాయి అన్నచోట మా ఫీయ్ అని రాసి, చివర చుక్క పెట్టాడు. కార్డు దూరంగా పట్టుకుని, ఒక్కో మాటా విడివిడిగా పలుకుతూ పైకి చదువుకున్నాడు.

"చిన్నగా ఉంది. తప్పు లేదు. ప్రాణముంది. ఎప్పుడు జరిగింది?"

"ఇప్పుడే నాన్నా."

"బాగుంది" అన్నాడు మాస్టారు. పక్కన టిక్కు కొట్టి, మిగతా అయిదు వాక్యాలూ దించి, కార్డు ఆమె చేతికిచ్చి, తర్వాతి క్రియ అందుకున్నాడు. అది మధ్యాహ్న భోజనం చేయడం.

కూతురు చాలాసేపు నడవాలో నిలబడిపోయింది. గోడకి చెప్పినా ఇంకాస్త కదిలేదేమో. తండ్రిని పొడుద్దామని తీసుకెళ్లిన మాటను ఆయన ఉదాహరణగా జేబులో వేసుకున్నాడు. పైగా ఇంట్లో జరిగినదాన్ని పట్టి గడిలో బిగించే ఆ ఒడుపు తనకి ఎవరి దగ్గర అబ్బిందో తలుచుకుంటే తన మీద కూడా ఏవగింపు కలిగింది. బయట గేటు చప్పుడైంది. పబ్లిషరు మనిషి వచ్చేశాడు.

తల్లి దగ్గరికి వెళ్లి చాప అంచున కూర్చుంది. "తీసేశారమ్మా. కొత్తది రాశారు."

"చదువు."

"నేను మా అమ్మాయికి రోత పుట్టిస్తున్నాను."

తల్లి బఠానీల గిన్నె పక్కకి జరిపింది. "ఆయనే రాశారా?"

"నేను చెప్పాను. రాశారు."

"ఏమన్నారు?"

"బాగుందన్నారు."

తల్లి జారిన రవిక ఎగదోసుకుంది. పెదవులు కదుపుతూ వాక్యాన్ని తనలో తాను ఒకటికి రెండుసార్లు చెప్పుకుంది. ఎక్కడో తేడా ఉన్నప్పుడు ఆవిడ చేసే పనే అది. "ఒక్క మాట మార్చు" అంది. "'మా అమ్మాయికి' అని నిన్నొక్కదాన్నే ఎందుకు పెట్టావే? 'మా ఇంట్లోవాళ్లకి' అను."

కూతురు తల్లి ముఖంలోకి చూసింది. ఆవిడ అప్పటికే గిన్నె తీసుకుని ఇంకో కాయ చిదుముతోంది. కూతురు కొత్త కార్డు మీద ముందు తెలుగు వాక్యాలు, తల్లి చెప్పిన దిద్దుబాట్లతో సహా, రాసింది. తర్వాత ఫ్రెంచిలో కూడా అమ్మాయి అన్న మాట కొట్టేసి, పైన తన చేత్తోనే ఇంట్లోవాళ్లు అని రాసి, కార్డు దొంతరలో పెట్టి, గేటు దగ్గర నిలబడ్డ మనిషికి ఇచ్చేసింది.